సౌండ్ కార్డు తేలకపోవడం వల్ల మా ఇంటికి కలిగిన మేలు

నాకు అన్నిటికన్నా పెద్ద భయం ఒకటుంది. మా పాపకు చెవులు వినపడవేమోనని.

ముందే చెప్పేస్తున్నాను. దాచిపెట్టి చివర్లో బయటపెట్టే ఓపిక నాకు లేదు. పాపకు ఎనిమిది నెలలు. ఈ భయానికి ఆరున్నర నెలలు. ఇద్దరూ వయసుకు తగ్గట్టు బాగానే ఎదుగుతున్నారు.

ఇంత భయం పెట్టుకుని ఎలా బతుకుతున్నావమ్మా అని మీరు అడగవచ్చు. చాలా హాయిగా బతుకుతున్నాను. ఎందుకంటే మా ఇంట్లో ఒక మనిషి లాప్‌టాప్‌కు సౌండ్ కార్డు ఎంచుకుంటున్నాడు.

మీ ఇంట్లో కూడా ఏదైనా పెద్ద భయం ఉంటే వెంటనే ఎవరినో ఒకరిని సౌండ్ కార్డు ఎంచుకునే పనిలో పెట్టండి. నిద్రమాత్రలు, ధ్యానం క్లాసులు, తెలిసినవాళ్ల ధైర్యవచనాలు, ఏవీ దీని ముందు నిలబడవు. ఊరికే అనడం లేదు. ఆరున్నర నెలల అనుభవంతో చెబుతున్నాను.

మా ఆయన పగలు ప్రింటింగ్ షాపులో బోర్డులు డిజైన్ చేస్తాడు. సాయంత్రం లాప్‌టాప్‌లో పాటలు తయారుచేస్తాడు. ఆ పాటలకు పాడేవాళ్లు, వాయించేవాళ్లు ఉండరు. డ్రమ్ములు, వయొలిన్లు, వాన చప్పుడు, ఇనుము ఏడ్చినట్టు ఒక శబ్దం, అన్నీ ఆ లాప్‌టాప్‌లోనే పుడతాయి. శనివారం శనివారం ఒక హాల్లో వాటిని జనం ముందు వినిపిస్తాడు. జనం ఊగుతారు. నచ్చినవాళ్లు కళ్లు మూసుకుని ఊగుతారు.

చిక్కల్లా హాల్లో లైట్లు తగ్గించినప్పుడు వస్తుంది. లైట్లు తగ్గగానే పాటలోకి గుయ్‌మని ఒక మోత దూరుతుంది. లాప్‌టాప్ పక్కన హెడ్‌ఫోన్ గుచ్చే చిల్లు ఉంటుంది చూడండి, అందులోంచి నేరుగా హాలు స్పీకర్లకు వైరు లాగితే అంతేనట. హాలు మేనేజరు రెండు వారాలు ఊరుకుని మూడో వారం, "బాస్, ఆ తేనెటీగను ఇంటి దగ్గర వదిలేసి రా" అన్నాడట.

దానికి మందు సౌండ్ కార్డు. పేరుకు కార్డు గానీ చూడటానికి అరచేయంత డబ్బా. ఒకవైపు లాప్‌టాప్‌కు తగిలించాలి, ఇంకోవైపు స్పీకర్లకు. ముందు తిప్పడానికి రెండు మూడు గుండ్రటి మీటలు. అంతే.

అంతే అని నేను అనుకున్నాను. నా అజ్ఞానం అక్కడే బయటపడింది.

సౌండ్ కార్డు కొనడం వేరు, ఎంచుకోవడం వేరు. కొనడం అరగంట పని. దానివల్ల ఇంటికి ఏ ప్రయోజనమూ లేదు. ఎంచుకోవడం అలా కాదు. ఉద్యోగంలా దానికి వేళలు ఉంటాయి, కాపురంలా దానికి అంతు ఉండదు.

ముందు వీడియోలు చూడాలి. ఒక గడ్డపాయన డబ్బాను గోటితో టకటకా కొట్టి, గట్టిగా ఉందంటాడు. ఆ మాట చెప్పడానికి నలభై నిమిషాలు. తరువాత ఇంకో గడ్డపాయన వచ్చి, మొదటి గడ్డపాయనకు ఏమీ తెలియదంటాడు. దానికి గంట. ఇద్దరికీ ఏమీ తెలియదని కింద కామెంట్లలో నాలుగు వందల మంది. ఆ నాలుగు వందల మందినీ చదవాలి. చదవకుండా కొంటే అది తొందరపాటు కదా?

దీనివల్ల మనిషి ఇల్లు కదలడు. పక్కవాటాలో ఆవిడ భర్త ఏడింటికి బయటికి వెళ్తే ఎక్కడ ఉన్నాడో ఆవిడకు తెలియదు. మా ఆయన ఎక్కడ ఉన్నాడో నాకు ఎప్పుడూ తెలుసు. మధ్య గదిలో, కిటికీ పక్కన, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని. నేను మాట్లాడితే తల ఊపుతాడు. మాట్లాడకపోయినా ఊపుతాడు. ఇంతకన్నా అన్యోన్యం ఎక్కడ దొరుకుతుంది చెప్పండి!

నా చదువు తొమ్మిదో తరగతితో ఆగిపోయింది. ఇప్పుడు లేటెన్సీ అంటే ఏమిటో నిద్రలో లేపి అడిగినా చెబుతాను. మీట నొక్కిన క్షణానికీ, శబ్దం చెవికి చేరిన క్షణానికీ మధ్య ఆలస్యం. పన్నెండు మిల్లీసెకన్లు దాటితే వాయించేవాడి చేయి తడబడుతుందట, పాట పాడైపోతుందట. మిల్లీసెకను అంటే సెకనులో వెయ్యో వంతు. అన్నానికి రమ్మని నేను పిలిచిన క్షణానికీ ఆయన వచ్చి కూర్చున్న క్షణానికీ మధ్య యాభై నిమిషాలు. అది లేటెన్సీ కిందికి రాదట. దాన్ని "వస్తున్నా" అంటారు.

ఇంకోటి కూడా నేర్చుకున్నాను. జనం ముందు వాయించేవాడి కార్డుకు రెండు దారులు ఉండాలి. ఒక దారిలో హాల్లోకి ఇప్పటి పాట వెళ్తుంటే, రెండో దారిలో వాయించేవాడి చెవిలోకి రాబోయే పాట వెళ్తూ ఉంటుంది. బయటికి ఒకటి, లోపల ఒకటి. ఇది చాలా గొప్ప సంగతని ఆయన వివరించాడు. మా అత్తగారు బంధువులతో మాట్లాడుతున్నప్పుడు ఏ డబ్బా లేకుండానే ఈ పని చేయడం నేను పెళ్లైన కొత్తలోనే చూశాను గనుక నాకు సులువుగా అర్థమైంది.

అతిథుల బెడద కూడా తగ్గింది. గంటలకు గంటలు కూర్చునేవాళ్లు పది నిమిషాల్లో లేచి వెళ్తున్నారు. ఒక ఇన్సూరెన్సు ఏజెంటు వచ్చాడు. మనుషులు హఠాత్తుగా పోతే వెనకున్నవాళ్ల గతి ఏమిటని మొదలుపెట్టబోయాడు. మా ఆయన అతనికి ఇరవై నాలుగు బిట్లకూ ముప్పై రెండు బిట్లకూ తేడా చెప్పడం మొదలుపెట్టాడు. ఏజెంటు టీ కూడా తాగలేదు. చావు గురించి రోజూ మాట్లాడే మనిషికే అంత ఆయాసం వచ్చిందంటే, ఆలోచించండి.

అసలు మేలు ఇంకా చెప్పనే లేదు. షాపువాళ్ల నిబంధన ప్రకారం కార్డు నచ్చకపోతే పది రోజుల్లో వెనక్కి ఇవ్వవచ్చు. అందుకని మా ఇంటికి కార్డు వస్తుంది, పది రోజులు ఉంటుంది, వెళ్తుంది. కొంతకాలం చూడటం, మళ్లీ ఇంకోటి రావడం. ఇప్పటికి ఏడు వచ్చాయి, ఏడూ వెళ్లాయి. ఒకదానికి పైస్థాయిలు, అంటే సన్నటి శబ్దాలు, పలచనట. ఒకదానికి అడుగున ఇసుక రాలినట్టు చప్పుడట. ఒకదానికి లోపం ఏమిటో ఆయన చెప్పలేదు, ఊరికే తల అడ్డంగా ఊపాడు.

వెనక్కి ఇచ్చేటప్పుడు డబ్బా తెరవనట్టే కనపడాలి. ఆ పని మా అత్తగారిది. వేడి చెంచాతో టేపు ఊడదీసి, మళ్లీ అదే గీత మీద అంటించడంలో ఆవిడ చేయి తిరిగిపోయింది. నేను వైరు చుట్టి తాడు ముడివేస్తాను. ఆయన ప్లాస్టిక్ కవరు మడతలు సరిచేస్తాడు. ముగ్గురం ఒక చోట కూర్చుని చేసే పని మా ఇంట్లో అదొక్కటే.

తేదీలు కూడా దాంతోనే గుర్తుంటాయి. పాప బోర్లా పడింది రెండో కార్డులో. కూర్చుంది ఐదో కార్డులో. కింద పన్ను కనపడింది ఆరోది వెనక్కి ఇచ్చే రోజు.

నాకు అన్నిటికన్నా నచ్చింది చెప్పనా? కొత్త కార్డు వచ్చిన రోజు నాకు తలస్నానం. పాపను నేను చూసుకుంటాను, నువ్వు తీరిగ్గా తలంటుకుని రా అంటాడు. తలుపు వేసుకుని, పాపా ఆయనా కార్డూ లోపల. నాకు అరగంట సెలవు. అడగకుండా పిల్లను ఎత్తుకునే భర్తలు ఎంతమంది ఉన్నారో చేతులెత్తమనండి చూద్దాం!

ఇక ఫ్రిజ్ మీది చీటీ సంగతి.

పాపకు ఆరో వారంలో, క్లినిక్‌లో నర్సు చెవిలో చిన్న గొట్టం పెట్టి చూసి, యంత్రం సరిగ్గా చూపించలేదు, రెండు వారాల్లో పెద్ద పరీక్షకు తీసుకురండి అని చీటీ రాసిచ్చింది. ఫ్రిజ్ తలుపు మీద అయస్కాంతం కింద పెట్టాం. ఆ వారమే హాలు మేనేజరు తేనెటీగ మాట అన్నాడు. కార్డు సంగతి తేలగానే వెళ్దాం అన్నాడు మా ఆయన. సరేనన్నాను. సగం చూసిన వీడియోను వదిలేసి రమ్మని ఎవరైనా ఎలా అడుగుతారు? క్లినిక్‌వాళ్లు రెండుసార్లు ఫోన్ చేశారు. ఇంట్లో ముఖ్యమైన పని నడుస్తోందండీ, అవగానే వస్తాం అని రెండుసార్లూ నేనే మర్యాదగా చెప్పాను.

ఈలోగా నా పరీక్షలు నేను చేసుకుంటూనే ఉన్నాను. పాప వెనక నిలబడి చప్పట్లు కొడతాను. గిన్నె మీద గరిటెతో కొడతాను. ఒక్కోసారి తిరుగుతుంది, ఒక్కోసారి తిరగదు. తలుపు దభీమని వేస్తే ఉలిక్కిపడుతుంది. పేరు పెట్టి పిలిస్తే కాలి వేళ్లు చూసుకుంటుంది.

మా అత్తగారు ఇది చూసి, "నీది ఒట్టి భయం అమ్మాయ్. వాడూ నాలుగేళ్లదాకా పిలిస్తే పలికేవాడు కాదు" అంది. నా చేతిలోంచి గరిటె తీసుకుంటూ, "ఇప్పుడూ పలకడనుకో" అంది.

ఈ మాట దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. నేను పది నిమిషాలు గిన్నె కొడితే దాని పేరు భయం. ఆయన ఆరు నెలలు వీడియోలు చూస్తే దాని పేరు రీసెర్చ్. నాకు ఒకసారి డాక్టరుకు చూపించుకో, నిద్ర పట్టడానికి ఏమైనా ఇస్తారు అని సలహా ఇచ్చినవాళ్లు నలుగురు. ఆయనకు ఎంత జాగ్రత్తపరుడో అని మెచ్చుకోలు. నేను కుళ్లుకోవడం లేదు. ఇంటికి ఇద్దరు భయస్తులు ఎందుకు? ఒకరు చాలు. ఆ పని నేను చూసుకుంటున్నాను గనుకనే ఆయన నిశ్చింతగా

ఇక్కడిదాకా రాసేసరికి ఫోన్ మోగింది. ఆ తరువాత పద్దెనిమిది రోజులు నేను ఈ కాగితాలు ముట్టుకోలేదు. పైన రాసింది కొట్టేయను. నమ్మి రాసిందే.

ఆదివారం పొద్దున. మోగింది మా ఆయన ఫోన్. ఆయన స్నానానికి వెళ్లాడు. చేసింది సౌండ్ కార్డులు అమ్మే షాపతను. ఏడో కార్డు అందిందని, వాళ్ల మెకానిక్ అంతా చూశాడని, లోపం ఏమీ కనపడలేదని చెప్పాడు. వెనక్కి ఇవ్వడం తప్పు కాదట. కానీ వరసగా ఏడు వెనక్కి వచ్చాయి గనుక, ఈసారి ఏదో ఒక కారణం రాయకపోతే పైవాళ్లు ఒప్పుకోరట.

కారణం చెప్పడానికి నాకేం కష్టం? మా ఆయన అన్నీ లాప్‌టాప్‌లో పట్టిక వేసి పెడతాడు. పాస్‌వర్డ్ పాప పుట్టినరోజు. తెరిచాను. ఏడు కార్డులకు ఏడు వరుసలు. పక్కపక్కన గడుల్లో పేరు, దారులెన్ని, లేటెన్సీ ఎంత, చప్పుడుందా లేదా, బరువు. అన్ని గడుల్లోనూ ఆకుపచ్చ రంగే. ఏ కార్డుకూ ఎక్కడా ఎర్ర గడి లేదు.

మరి ఎందుకు వెనక్కి ఇచ్చాడు? వేలు పెట్టి కుడివైపుకు జరుపుకుంటూ పోయాను. చిట్టచివరి గడి మీద "పాప" అని రాసి ఉంది.

దాని కింద మొదటి కార్డుకు: తిరగలేదు.

రెండో కార్డుకు: తిరగలేదు. నిద్రమత్తు కావచ్చు.

మూడో కార్డుకు: తిరగలేదు. స్పీకరు దగ్గరగా జరిపి చూశాను.

నాలుగోదానికి: నవ్వింది. కానీ నన్ను చూసి.

ఐదు: తిరగలేదు. ఆరు: బాగా పెంచితే తిరిగింది. మామూలుగా పెడితే లేదు. ఏడు: తిరగలేదు.

నేను తలంటుకుంటున్న ఏడుసార్లూ ఆ గదిలో జరిగింది ఇది. ఒక్కో కార్డు తెచ్చి, పాపను ఎదురుగా పెట్టుకుని, దాని వెనక స్పీకరు పెట్టి, సన్నటి శబ్దాలు వినిపించాడు. పాప తిరగలేదు. తప్పు కార్డుదని వెనక్కి ఇచ్చేశాడు. ఇంకాస్త మంచి కార్డు అయితే తిరుగుతుందని ఇంకోటి తెచ్చాడు.

షాపతను లైన్లోనే ఉన్నాడు. "అక్కా, కారణం ఏమని రాయమంటారు?"

"పాప తిరగలేదని రాయండి" అన్నాను.

అతను కొంచెంసేపు కీబోర్డు మీద వెతికాడు. "అలాంటిది లేదక్కా లిస్టులో. ఇతరాలు అని పెడతాను."

మా ఆయన బయటికి వచ్చాడు. లాప్‌టాప్ తెరిచి ఉండటం, నేను కుర్చీలో ఉండటం చూశాడు. తల తుడుచుకోవడం మొదలుపెట్టాడు. చాలాసేపు తుడుచుకున్నాడు. అంత జుట్టు ఆయనకు లేదు.

"ఏమండీ, ఏడోదాంట్లో లోపమేంటి?" అని అడిగాను.

"పైస్థాయిలు సరిగ్గా రావట్లేదు."

"ఎవరికి?"

తువ్వాలు తల మీదే ఉంచుకున్నాడు. ముఖం కనపడలేదు. లోపలినుంచి, "కార్డులన్నీ బాగానే ఉన్నాయి" అన్నాడు. "ఏడూ."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు భయపడతావని."

నేను పోట్లాడాలనే అనుకున్నాను. ఆరు నెలలుగా దాచుకున్న మాటలు నోటిదాకా వచ్చాయి. అప్పుడు ఫ్రిజ్ మీద చీటీ కనపడింది. దాని మీద క్లినిక్ అడ్రసు ఉంది. అది నాకు కొత్త అడ్రసు కాదు. పాప టీకాలకు నేను వెళ్లేది అక్కడికే. బస్సులో ఇరవై నిమిషాలు. మూడుసార్లు ఒక్కదాన్నే పిల్లను ఎత్తుకుని వెళ్లాను. టీకాలు కింద, చెవుల పరీక్ష మేడ మీద. పద్నాలుగు మెట్లు. మూడుసార్లూ ఆ మెట్ల పక్కన బెంచీ మీద కూర్చుని, నా నంబరు పిలిచేదాకా ఆ మెట్లనే లెక్కపెట్టాను. ఎక్కలేదు.

ఆయన ఖాళీ లేక నేను ఆగానని ఇంతసేపూ మీకు చెప్పాను. ఆయన ఖాళీ అయితే వెళ్లాల్సి వస్తుందని, కొత్త డబ్బా ఇంటికి వచ్చిన ప్రతిసారీ లోపల ఎక్కడో ఊపిరి పీల్చుకున్నది నేనే. వెనక్కి వెళ్లే డబ్బాలో వైరు చుట్టి తాడు ముడివేసింది కూడా నేనే.

మర్నాడు వెళ్లాం. ప్రింటింగ్ షాపులో సెలవు పెట్టి మా ఆయన, పాప, నేను. మా అత్తగారు కూడా వస్తానంది. చెప్పులు వేసుకుని గుమ్మందాకా వచ్చి, పాలు పొయ్యి మీద ఉన్నాయని ఆగిపోయింది. పొయ్యి మీద ఏమీ లేదు.

ఆ పరీక్షకు పాప నిద్రపోవాలి. నా ఒళ్లోనే పడుకోబెట్టారు. నుదుటికి, చెవుల వెనక వైర్లు అంటించారు. చెవుల మేడమ్ తెర మీద గీతలు చూస్తూ ఏదో రాసుకుంటోంది. ఆ గదిలో బయటి చప్పుడు ఏదీ వినపడదు. యంత్రాలన్నిటికీ పేరు, కంపెనీ, లేటెన్సీ అడిగే మా ఆయన ఆ యంత్రం పేరు అడగలేదు. గోడకు ఆనుకుని నిలబడి, పాప కాలిని బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టుకున్నాడు.

మేడమ్ చెప్పింది ఇది. పాపకు వినికిడి ఉంది, కానీ తక్కువ. రెండు చెవులకూ. తలుపు చప్పుడు, గిన్నె చప్పుడు వంటివి అందుతాయి. మామూలుగా మాట్లాడే మాట అందదు. చెవి మిషన్లు పెడితే అందుతుంది, మాటలూ వస్తాయి. తరువాత కాగితాలు వెనక్కి తిప్పి, ఆరో వారంలో రాసిన తేదీ చూసి, తల ఎత్తింది.

"ఆరు నెలల లోపే పెట్టాల్సిందమ్మా. ఇన్నాళ్లూ ఏం చేశారు?"

మా ఆయన నిజమే చెప్పాడు. "సౌండ్ కార్డు చూస్తున్నామండీ" అన్నాడు. మేడమ్ ఆయన వంక చూసింది, నా వంక చూసింది, మళ్లీ కాగితాల్లో రాసుకోవడం మొదలుపెట్టింది. ఇలాంటి జవాబులు వాళ్లకు అలవాటే అనుకుంటాను. ఒకరు ఇల్లు మారుతూ ఉంటారు, ఒకరు మంచి రోజు కోసం ఆగుతారు, మేము సౌండ్ కార్డు.

పన్నెండు మిల్లీసెకన్ల ఆలస్యానికి పాట పాడైపోతుందని నాలుగు వందల మంది రాశారు. ఆరున్నర నెలల ఆలస్యానికి ఏమవుతుందో వాళ్లలో ఒక్కరూ రాయలేదు. ఇన్నాళ్లూ మేము పాప ముందు మూతులు కదిలించాం. అది మూతులను చూసి నవ్వింది.

తరువాత మేడమ్ ఒక పుస్తకం తీసి మా ముందు పెట్టింది. చెవి మిషన్ల పుస్తకం. పాపకు పనికొచ్చేవి తొమ్మిది మోడళ్లు ఉన్నాయని, అన్నీ మంచివేనని, ఇంటికి తీసుకెళ్లి చూసుకుని నిదానంగా చెప్పమని అంది.

నిదానంగా!

మా ఆయన పుస్తకం వంక చూశాడు. ఆ చూపు నాకు తెలుసు. మొదటి పేజీ తెరిచాడు. అందులో పట్టిక ఉంది, గడులు ఉన్నాయి. ఆయన పుస్తకం మూసి, బోర్లా పెట్టి, దాని మీద చేయి పెట్టాడు.

"వీటిలో ముందు ఏది వస్తుందండీ?"

"ఒకటి స్టాకులో ఉంది. వచ్చే మంగళవారానికి పాప చెవుల కొలతకు అచ్చులు తయారై వస్తాయి."

"అదే ఇవ్వండి."

"రంగు?"

ఆయన నా వైపు తిరిగాడు. ఎరుపు అన్నాను. పడిపోతే కనపడాలి కదా.

మంగళవారం పెట్టారు. పెట్టగానే ఏడ్చింది. ఏడుస్తూ ఏడుస్తూ మధ్యలో ఆగింది. తన ఏడుపు తనకే కొత్త అనుకుంటాను. కాసేపు విని, మళ్లీ మొదలుపెట్టింది. మా ఆయన కిటికీ దగ్గరికి వెళ్లి రోడ్డు మీద పోయే బండ్లను చాలా శ్రద్ధగా చూశాడు. ఇప్పుడు రోజుకు ఇరవైసార్లు దాన్ని పీకి నోట్లో పెట్టుకుంటుంది. ఇరవైసార్లూ తుడిచి మళ్లీ పెడతాం. మాటలు ఎప్పుడు వస్తాయో, ఎంత వెనకబడుతుందో మేడమ్ కూడా ఇప్పుడే చెప్పలేనంది. భయం ఉంది. కాకపోతే ఇప్పుడు ఇద్దరమూ దాన్ని భయమనే పిలుస్తున్నాం. ఆయనకు నోరు తిరగడానికి కొంచెం సమయం పట్టింది.

ఇంతటితో ఆపవచ్చు. కానీ నేను ఈ కాగితాలు మళ్లీ తీసింది మా ఇంటి గోల చెప్పడానికి కాదు.

మొన్న సౌండ్ కార్డుల షాపుకు వెళ్లాను. శనివారం హాల్లో వాయించాలి, ఆ ఏడోదే మళ్లీ ఇవ్వండి అన్నాను. షాపతను తీసిస్తూ, నవ్వుతూ, మీరే నయం అక్కా అన్నాడు. పక్క కౌంటర్లో ఇంట్లో వాడే బరువు మిషన్లు అమ్ముతారు. ఒక పెద్దాయన రెండు నెలల్లో ఐదు మిషన్లు వెనక్కి ఇచ్చాడట. ప్రతిసారీ ఒకటే ఫిర్యాదు, మిషను తక్కువ చూపిస్తోందని. ఇచ్చిన ప్రతిదీ కిందటిదానికన్నా తక్కువ చూపిస్తోందట. షాపులో అందరూ ఆయనను చూసి నవ్వుకుంటారట.

నేను నవ్వలేకపోయాను. ఆయన ఫోన్ నంబరు అడిగాను. కస్టమర్ల నంబర్లు ఇవ్వకూడదక్కా, రూలు అన్నాడు. ఆనవాళ్లు అడిగితే గుర్తుచేసుకుని చెప్పాడు. అరవై దాటి ఉంటాయి. నెరిసిన మీసం. చొక్కా చేతులు మోచేతులదాకా మడుస్తాడు. బిల్లును నాలుగు మడతలు పెట్టి కళ్లద్దాల డబ్బాలో దాచుకుని తెస్తాడు. బెల్టుకు మేకుతో పొడిచిన కొత్త చిల్లులు రెండు. ఎప్పుడూ ఒక్కడే వస్తాడు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదని, ఊరికే కంగారుపడతారని అన్నాడట.

ఆయన మీ నాన్న కావచ్చు, మీ మామయ్య కావచ్చు, మీ పైవాటా ఆయన కావచ్చు. ఆరో మిషను కొనేలోపు ఎవరో ఒకరు వెళ్లాలి. ఏ కంపెనీ మిషను మంచిదో చెప్పడానికి కాదు, ఊరికే పక్కన కూర్చోవడానికి. తీరిక చూసుకుని వెళ్దామనుకోకండి. దయచేసి ఈ రోజే ఒకసారి వెళ్లి చూసి రండి.